రెండో పిట్టను తెచ్చే ముందు... ఇంట్లో దగ్గు సంగతి చూడండి

పంజరంలో ఒక్కటే పిట్ట. పొద్దున్నే కిచకిచలతో ఇల్లంతా లేపుతుంది. మీరు ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్లిపోయాక ఓ మూల ముడుచుకుని కూర్చుంటుంది. సాయంత్రం తాళం తీసిన చప్పుడు వినగానే మళ్లీ గెంతులు. ‘పాపం నాన్నా, దానికెవరూ లేరు. ఇంకోటి తెద్దాం’ అని పిల్లలు ప్రతి ఆదివారం గుర్తుచేస్తుంటారు. వాళ్లు అడగటంలో న్యాయం లేకపోలేదు. మన దగ్గర ‘లవ్ బర్డ్స్’ అని అమ్మే చిన్న పిట్టల్లో ఎక్కువ భాగం బడ్జీలు. అవి ఆస్ట్రేలియాలో గుంపులు గుంపులుగా తిరిగే జాతి. (అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. పొట్టి తోకతో, బొద్దుగా, కాస్త ఖరీదుగా ఉంటాయి.) గుంపులో బతికే ప్రాణిని ఒంటరిగా ఉంచితే దానికి కష్టమే.

అదే ఇంట్లో పక్క గదిలో నానమ్మకు మూడు నెలలుగా పొడి దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. మెట్లెక్కితే మాత్రం ఆయాసం. ‘వయసు కదా’ అని ఒకరంటారు, ‘చల్లగాలి పడట్లేదు’ అని ఇంకొకరంటారు. పిట్ట ఒంటరితనాన్నీ, నానమ్మ దగ్గునూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మాత్రం అరుదు. ఇంకో పక్షిని తేవాలా వద్దా అన్న ఆలోచన మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.

వీధిలో రచ్చ.. ఇంట్లో నిశ్శబ్దం

2025 వేసవి దాటాక ముంబయిలో పావురాల మీద జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఆరోగ్యానికి ముప్పని చెప్పి నగరంలోని కబూతర్‌ఖానాలను మూసేయాలని జులైలో ప్రభుత్వం ఆదేశించింది. దాదర్‌లోని పాత కబూతర్‌ఖానా మీద అధికారులు టార్పాలిన్ కప్పితే, గింజలు వేసే భక్తులు ఆగస్టులో దాన్ని చింపేశారు. విషయం బాంబే హైకోర్టు దాకా వెళ్లింది. మన దగ్గర మక్కా మసీదు ముంగిట్లోనో, అపార్ట్‌మెంటు బాల్కనీలోనో పావురాలకు గింజలు వేసేవాళ్లు కూడా ఆ వార్తను ఆసక్తిగా చూశారు.

ఆ చర్చంతా నడిచింది వీధి గురించి. వీధిలో ఎగిరే పావురం ఈక నుంచి రాలే పొడి ప్రమాదమైతే, హాల్లో టీవీ పక్కన వేలాడే పంజరంలో నుంచి రాలే పొడి సంగతేమిటి? దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నిజానికి వీధి పావురం కంటే ఇంటి పిట్టే మన ఊపిరికి దగ్గర. అది రోజులో ఇరవై నాలుగు గంటలూ మన గదిలోనే ఉంటుంది.

అదే ఏడాది ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. లక్షల కోళ్లు పోయాయి, చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ వైరస్‌తో చనిపోయింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. దాంతో పంజరంలో పిట్టలున్న ఇళ్లలోనూ గుబులు పుట్టింది. కొందరు వాటిని వదిలేశారు, కొందరు ఎవరికో ఇచ్చేశారు.

అంటే భయపడాల్సిన చోట కాకుండా మనం వేరే చోట భయపడుతున్నాం. ఇంట్లో పక్షి ఉన్నవాళ్లకు ఆరోగ్యపరంగా మూడు రకాల బెడదలు ఉన్నాయి. ఏది ఎంతో విడివిడిగా చూస్తే తప్ప, రెండో పక్షి విషయంలో సరైన నిర్ణయం సాధ్యం కాదు.

మూడింట్లో ఏది పెద్దది?

బర్డ్ ఫ్లూతో మొదలుపెడదాం. ఇంటి లోపలే ఉండే బడ్జీకో, కాకటీల్‌కో అది సోకే అవకాశం చాలా తక్కువ. కోళ్లు, బాతులు, వలస పక్షులతో గానీ వాటి రెట్టలతో గానీ సంబంధం ఉంటేనే చిక్కు. పంజరాన్ని పెరట్లో కోళ్ల గూడు పక్కన పెట్టకపోతే, బాల్కనీలో పావురాలు దాని మీద వాలకుండా చూసుకుంటే ఇంట్లో ఉన్న పిట్టతో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. కొత్త పిట్టను కొనే చోటుతోనే జాగ్రత్త. మన ఊళ్లలో పక్షుల సంతల్లో నాటుకోళ్లు, బాతులు, పావురాలు, బడ్జీలు అన్నీ ఒకే వరసలో, ఒకదాని మీద ఒకటి పేర్చిన పంజరాల్లో ఉంటాయి. పై పంజరంలోని రెట్ట కింది పంజరంలో పడుతుంది. చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ వార్త వినిపించిన నెలల్లో అలాంటి చోటి నుంచి పక్షిని ఇంటికి తేవద్దు.

రెండోది సిటకోసిస్. దీన్నే చిలకల జ్వరం అంటారు. క్లమీడియా సిటాసి అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఎండిపోయిన రెట్ట పొడి గాల్లో కలిసి మన ముక్కులోకి వెళ్తే చాలు. సోకిన అయిదు నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు, పొడి దగ్గు మొదలై కొందరిలో న్యుమోనియాకు దారితీస్తుంది. 1929-30లో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన చిలకలతో ఇది యూరప్‌కూ, అమెరికాకూ పాకి వందల మందిని మంచం పట్టించింది. చివరకు అమెరికా అధ్యక్షుడు హూవర్ చిలకల దిగుమతినే ఆపేయాల్సి వచ్చింది. పాత కథే కదా అనుకుంటే పొరపాటు. 2023లోనూ, 2024 మొదట్లోనూ డెన్మార్క్, జర్మనీ, ఆస్ట్రియా, స్వీడన్, నెదర్లాండ్స్‌లో ఈ కేసులు మామూలు కంటే పెరిగాయనీ, అయిదుగురు చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చిలో ప్రకటించింది.

ఈ జబ్బుకు మందుంది. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కు బాగా లొంగుతుంది. అయితే డాక్టరుకు అనుమానం రావాలంటే ఇంట్లో పక్షి ఉందన్న మాట మీరు చెప్పాలి. ‘ఏం తిన్నారు, ఎక్కడికి వెళ్లారు’ అని అడిగే డాక్టరు కూడా ‘ఇంట్లో చిలకుందా’ అని అడగకపోవచ్చు.

రెండో పక్షితో ఈ జబ్బుకున్న సంబంధం సూటిగా ఉంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే పక్షిలో కూడా ఈ బ్యాక్టీరియా నెలల తరబడి దాక్కుని ఉంటుంది. ప్రయాణం, కిక్కిరిసిన పంజరం, కొత్త ఇల్లు... ఇలాంటి ఒత్తిడి కలిగినప్పుడే అది రెట్టలో ఎక్కువగా బయటికి వస్తుంది. అంటే దుకాణం నుంచి మీ ఇంటికి వచ్చిన మొదటి వారాలే అన్నింటికంటే ప్రమాదకరమైన కాలం. ఏళ్లుగా మీ ఇంట్లో ఉన్న పాత పిట్టతో లేని ముప్పు కొత్తదానితో రావచ్చు.

మూడోదాని గురించే ఈ వ్యాసం.

క్రిమి లేదు.. కానీ జబ్బుంది

పక్షి ఈకల మీద సన్నటి పొడి ఉంటుంది. కాకటీల్, కాకటూ, ఆఫ్రికన్ గ్రే చిలకల్లో అది మరీ ఎక్కువ. నల్ల చొక్కా వేసుకుని వాటిని ఎత్తుకుంటే పిండి రాలినట్టు కనిపిస్తుంది. ఆ పొడిలోనూ, రెట్టలోనూ ఉండే ప్రొటీన్లను కొందరి శరీరం శత్రువులుగా భావిస్తుంది. వాటిని పీల్చిన ప్రతిసారీ ఊపిరితిత్తుల్లోని గాలిగదుల దగ్గర వాపు పుడుతుంది. దీన్ని వైద్యులు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. పక్షుల వల్ల వస్తే ‘బర్డ్ ఫ్యాన్సియర్స్ లంగ్’ అనే పేరు కూడా ఉంది. ఇది అంటువ్యాధి కాదు. ఇంట్లో నలుగురుంటే ఒక్కరికే రావచ్చు, ముగ్గురికీ ఏమీ కాకపోవచ్చు. అందుకే ‘మా అందరికీ లేని సమస్య నీకొక్కదానికే ఎందుకొస్తుంది’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇది రెండు రకాలుగా వస్తుంది. పావురాల గూళ్లు శుభ్రం చేసేవాళ్లలో ఒక్కసారిగా ఎక్కువ ధూళి పీల్చాక నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో చలిజ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి మర్నాటికి తగ్గిపోతాయి. వైరల్ ఫీవర్ అనుకుని వదిలేస్తారు. ఇంట్లో ఒకటి రెండు పిట్టలున్నవాళ్లలో అలా జరగదు. కొద్దికొద్దిగా, రోజూ, ఏళ్ల తరబడి పీలుస్తారు కాబట్టి జబ్బు చప్పుడు చేయకుండా పెరుగుతుంది. పొడి దగ్గు, నెమ్మదిగా పెరిగే ఆయాసం, నీరసం, బరువు తగ్గడం. వాపు అలాగే కొనసాగితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. ఆ దశకు చేరాక గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. మందులతో ముదరకుండా ఆపే ప్రయత్నమే మిగులుతుంది.

మనదేశంలో దీన్ని అరుదైన జబ్బు అనుకునేవాళ్లం. ఊపిరితిత్తుల కణజాలం దెబ్బతినే రకరకాల జబ్బుల మీద 19 నగరాల్లోని 27 ఆసుపత్రుల్లో 1,084 మంది వివరాలు సేకరించి 2017లో ప్రచురించారు. వాళ్లలో దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఈ హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిసే. ఆ బాధితుల్లో సుమారు సగం మంది ఎయిర్ కూలర్లు వాడుతున్నవాళ్లు. తడి గడ్డిలో పెరిగే బూజు అక్కడ నేరస్తుడని అనుమానం. పక్షులు కూడా కారణాల జాబితాలో ఉన్నాయి.

ఈ లెక్కను మన ఇంటికి అన్వయించుకుందాం. వేసవి వస్తే హాల్లో కూలర్. కిటికీ బయట ఏసీ డబ్బా మీద పావురం గూడు. పంజరంలో పిట్ట. సోఫా మీద ఈకలు కూరిన దిండు. ఒక్కోటీ విడిగా చూస్తే చిన్నదే. ఊపిరితిత్తులు మాత్రం వేటి లెక్క వాటికని విడివిడిగా రాసుకోవు. దానికి ఇంకో పిట్టను కలిపితే ధూళి పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒకసారి శరీరానికి ఆ ప్రొటీన్ పడకపోవడం మొదలైందా, ఆపైన కొద్దిపాటి ధూళి చాలు.

కొనక ముందే ఓ పరీక్ష

నా దృష్టిలో రెండో పక్షిని తేవాలన్న ఆలోచన వచ్చిన రోజే మొదటి పక్షి గురించి ఆరా తీయడానికి మంచి సమయం. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి. మూడు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా ఉందా? పండక్కి ఊరెళ్లి వారం, పది రోజులు ఉన్నప్పుడు దగ్గు తగ్గి, ఇంటికొచ్చాక మళ్లీ మొదలైందా? పంజరం కడిగిన రోజు రాత్రి ఒళ్లు వెచ్చబడుతోందా? వీటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా పక్షుల దుకాణానికి కాదు, పల్మనాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

అయితే ఊరెళ్తే తగ్గలేదు కాబట్టి పక్షి కారణం కాదని తేల్చేయకండి. ముదిరిన దశలో ఆ తేడా తెలియదు. పైగా నానమ్మ వెళ్లిన ఊళ్లో పెరటి కోళ్లు ఉండి ఉండొచ్చు.

ఆసుపత్రిలో ముందుగా టీబీ పరీక్షలు చేయడం మామూలే. మూడు వారాలుగా దగ్గుంటే చేయాల్సిందే కూడా. టీబీ లేదని తేలాక ‘అలర్జీ దగ్గు’, ‘ఆస్తమా’ అని ఇన్హేలర్ ఇచ్చి పంపడంతో కథ ఆగిపోకూడదు. ఇంట్లో పక్షి ఉందని, ఎన్నేళ్లుగా ఉందని, పంజరం ఎవరు శుభ్రం చేస్తారని చెప్పండి. అవసరమనుకుంటే ఊపిరి సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ, ఛాతీకి హెచ్‌ఆర్‌సీటీ స్కాన్, పక్షి ప్రొటీన్లకు రక్తంలో ప్రతిస్పందన చూసే పరీక్ష చేయిస్తారు. మామూలు ఎక్స్‌రే బాగానే ఉన్నా ఈ జబ్బు ఉండే అవకాశం ఉంది.

కొన్ని ఇళ్లలో ఈ పరీక్షల దాకా వెళ్లకుండానే రెండో పక్షి ఆలోచన మానుకోవడం మంచిది. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు ఉన్న ఇళ్లు అలాంటివి. గర్భిణులకు సిటకోసిస్ సోకితే తీవ్రంగా మారొచ్చు కాబట్టి కాన్పయ్యేదాకా కొత్త పక్షి వద్దు. అయిదేళ్లలోపు పిల్లలు పక్షిని ముట్టుకున్న చేతుల్నే నోట్లో పెట్టుకుంటారు. సాల్మొనెల్లా విరేచనాలు వచ్చేది అలాగే.

అందరి ఆరోగ్యం బాగుంటే?

తెచ్చుకోవచ్చు. పక్షి పెంచుకునే లక్షల ఇళ్లలో ఎవరికీ ఏమీ కావట్లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు పొద్దున్నే పలకరించే ఓ గొంతు ఉండటం చిన్న విషయమేమీ కాదు. కాకపోతే పిట్ట కోసం పిట్టను తెచ్చేటప్పుడు మనుషుల పెళ్లిచూపుల్లో ఉన్నంత అనిశ్చితీ ఉంటుంది. తెచ్చింది పాతదానికి నచ్చాలని లేదు. రెండు ఆడ బడ్జీలు రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. పెద్దయిన బడ్జీకి ముక్కు పైనుండే మెత్తటి భాగం నీలంగా ఉంటే మగది, గోధుమ రంగులో ఉంటే ఆడది. పూర్తి పసుపు, తెలుపు పిట్టల్లో ఈ గుర్తు పనిచేయదు. మగ, ఆడ కలిపి పెట్టి, గూటి కుండ వేలాడదీశారంటే ఆర్నెల్లలో మీ సమస్య రెండో పక్షి కాదు, పదో పక్షి. రెండూ మగవైతే సాధారణంగా సర్దుకుపోతాయి. జత దొరికాక పాత పిట్ట మీ భుజం మీదికి రావడం తగ్గించొచ్చు. అందుకు పిల్లల్ని ముందే సిద్ధం చేయండి.

కొత్తదాన్ని వచ్చిన రోజే పాత పంజరంలో వదలడం అందరూ చేసే తప్పు. నేనూ ఒకప్పుడు చేశాను. పది రోజుల్లో రెండు పిట్టలూ పోయాయి, ఎందుకు పోయాయో తెలుసుకునే ప్రయత్నం కూడా అప్పట్లో చేయలేదు. కనీసం 30 నుంచి 45 రోజులు వేరే గదిలో, వేరే పంజరంలో, వేరే గిన్నెలతో ఉంచాలి. ముందు పాతదానికి మేత వేసి, తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. ఈలోగా పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి. వీధి చివర పశువుల ఆసుపత్రిలో కుదరకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి లాంటి చోట్ల వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో అడగొచ్చు. ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం, తోక ఎగరేస్తూ ఊపిరి తీయడం, కళ్లు, ముక్కు కారడం, ఆకుపచ్చగా నీళ్ల విరేచనాలు... ఇవి కనిపిస్తే ఆగొద్దు. వేరే గది లేదంటే రెండో పక్షికి మీ ఇంట్లో చోటు లేదనే అర్థం. సింగిల్ బెడ్‌రూమ్ ఇళ్లలో ఈ నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది.

పంజరం పడగ్గదిలోనూ, వంటింట్లోనూ వద్దు. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగకు పిట్టలు నిమిషాల్లో చనిపోతాయి. సాంబ్రాణి ధూపం, దోమల కాయిల్ వాటికీ మంచివి కావు, మీ దగ్గుకూ మంచివి కావు. గాలి ఆడే వరండా నయం, కాకపోతే పిల్లులు, పావురాలు చేరకుండా మెష్ ఉండాలి. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చడం వల్లే ధూళి లేస్తుంది. ముందు నీళ్లు చల్లి, తడిపిన కాగితంతో తీయండి. అడుగున పాత పేపర్ పరచి రోజూ మారిస్తే చాలావరకు పని తేలికవుతుంది. మాస్కు పెట్టుకోండి, అదీ ఎన్95 అయితే మేలు. ఈ పని నానమ్మకు అప్పగించకండి. పగలంతా ఇంట్లో ఉండేది ఆమే కాబట్టి చాలా ఇళ్లలో పంజరం ఆమె వాటాకే వస్తుంది.

చట్టం మాటేమిటంటే, బడ్జీ, కాకటీల్‌కు ఎలాంటి నమోదూ అక్కర్లేదు. ఆఫ్రికన్ గ్రే, మకా, సన్ కన్యూర్ లాంటి విదేశీ జాతుల్ని 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కొత్తగా తెచ్చుకుంటే అందుకు 30 రోజుల గడువుంది. మన రామచిలక, మునియా పిట్టలు మాత్రం ఎంత ముద్దొచ్చినా కొనకూడదు, పెంచకూడదు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం, జైలుశిక్ష దాకా వెళ్తుంది.

తేవద్దని తేలితే

అప్పుడు పాత పిట్ట ఒంటరితనం అలాగే ఉండిపోవాలా? అక్కర్లేదు. రోజుకు గంటో రెండు గంటలో ఎవరైనా దానితో గడిపితే చాలావరకు తీరుతుంది. కొర్ర కంకిని పంజరంలో వేలాడదీస్తే గింజలు వలుచుకుంటూ పూటంతా కాలక్షేపం చేస్తుంది. వేపపుల్లలు, కొత్తిమీర కట్ట, తలుపులు వేసి, ఫ్యాన్ ఆపి గదిలో కాసేపు ఎగరనివ్వడం... ఖర్చులేని పనులివి. జబ్బు లేని ఇంట్లో ఇది సరిపోతుంది.

పక్షి వల్లే దగ్గని డాక్టరు తేల్చిన ఇంట్లో మాత్రం మొదటిదాన్ని కూడా పంపాల్సి వస్తుంది. మాస్కు పెట్టుకుని, వేరే గదిలో ఉంచి నెట్టుకొద్దామన్న రాజీ ఇక్కడ పనిచేయదు. పిల్లలు ఏడుస్తారు. నానమ్మ కూడా ‘నా కోసం దాన్ని పంపొద్దు’ అంటుంది. ఆ మాట విని ఆగిపోయిన ఇళ్లలోనే జబ్బు ముదిరేది. పంపాక కూడా దాని ఈకపొడి పరుపుల్లో, కర్టెన్లలో, ఫ్యాన్ రెక్కల మీద నెలల తరబడి ఉంటుంది. అందుకని కర్టెన్లు ఉతికి, గోడలు తడిగుడ్డతో తుడిచి, ఈకల దిండ్లు తీసేయాలి. శుభ్రం చేసేటప్పుడు నానమ్మను వేరే ఇంట్లో ఉంచండి. ఇక పిట్టను కిటికీ తెరిచి గాల్లోకి వదిలేయకండి. పంజరంలో పుట్టిన బడ్జీకి ఇక్కడ మేత వెతుక్కోవడం రాదు. సాయంత్రంలోగా కాకులకో, పిల్లికో దొరికిపోతుంది. దగ్గు, ఆస్తమా లేని ఇల్లు చూసుకుని, పంజరం, గిన్నెలు, మిగిలిన గింజలతో సహా అప్పగించండి. పిల్లలు సెలవుల్లో వెళ్లి చూసొస్తారు. తిరిగొచ్చాక ఆ బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే నానమ్మ గదిలోకి వెళ్లమనండి.